మారిషస్ నామినేషన్ కాగితంలో ఒక గడి

మారిషస్‌లో పార్లమెంటుకి పోటీ చేసేవాళ్లు నామినేషన్ కాగితంలో తమ వర్గం ఏదో రాయాలి. జవాబులు నాలుగే. హిందూ, ముస్లిం, చైనా మూలాలవాళ్లు, ఈ మూడూ కాని అందరికీ కలిపి 'జనరల్ పాపులేషన్'. గడి ఖాళీగా వదిలేస్తే నామినేషన్ చెల్లదు. 2005 ఎన్నికల నుంచి ఒక చిన్న వామపక్ష పార్టీ దీనిమీద కోర్టుల చుట్టూ తిరిగింది. 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ కూడా ఈ పద్ధతిని తప్పుపట్టింది. 2014 ఎన్నికలకు మాత్రం 'ఇష్టం లేకపోతే రాయొద్దు' అని ఒక తాత్కాలిక సవరణ చేసి ప్రభుత్వం ఊపిరి పీల్చుకుంది.

మనకి మారిషస్ అంటే హనీమూన్ ఫొటోలు. ఆ గడి కథ బీచ్ దగ్గర కాదు, చెరకు తోటల దగ్గర మొదలవుతుంది.

ఆ దీవికి ఆదివాసులంటూ ఎవరూ లేరు. 1638లో డచ్చివాళ్లు వచ్చి స్థిరపడేదాకా అక్కడ మనుషులు కాపురం ఉన్నదే లేదు. వాళ్లు 1710లో దీవి వదిలిపోయారు, డోడో పక్షి ఆనవాలు కూడా మిగల్లేదు. తర్వాత ఫ్రెంచివాళ్లు మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చి తోటలు వేయించారు. 1810లో దీవి బ్రిటిష్‌వాళ్ల చేతికొచ్చింది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం కింద యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా ముట్టింది. బానిసలకు పైసా రాలేదు సరికదా, 'అప్రెంటిస్' అనే పేరుతో ఇంకో నాలుగేళ్లు అదే తోటలో పనిచేయాల్సి వచ్చింది. అది తీరగానే చాలామంది తోట ముఖం చూడకుండా వెళ్లిపోయారు.

ఇలా అవుతుందని యజమానులకు ముందే తెలుసు. అందుకే 1834 నవంబర్ 2కే కలకత్తా నుంచి అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలతో పోర్ట్ లూయీకి చేరింది. ఐదేళ్ల ఒప్పందం, నెలకి ఐదు రూపాయలు. బానిసలు లేకుండా చెరకు పండుతుందా అని చూసే ఈ ఏర్పాటుకి బ్రిటిష్‌వాళ్లు 'మహా ప్రయోగం' అని పేరు పెట్టుకున్నారు. తోటల యజమానుల లెక్కలో అది పాసయింది. అదే పద్ధతిని ట్రినిడాడ్, గయానా, నటాల్, ఫిజీలకు పట్టుకుపోయారు. ఒక్క మారిషస్‌కే దాదాపు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. ఎక్కువమంది బీహార్, ఇప్పటి ఉత్తరప్రదేశ్ వైపు భోజ్‌పురివాళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తమిళులు, తెలుగువాళ్లు.

తెలుగువాళ్లకి అక్కడ పడిన పేరు కోరంగీలు. కాకినాడ పక్కనున్న కోరంగి అప్పట్లో పెద్ద రేవు. 1839 నవంబర్‌లో వచ్చిన తుఫాను ఉప్పెనకి ఆ రేవు సర్వనాశనమై మళ్లీ కోలుకోలేదు. రేవు పోయినా పేరు మాత్రం సముద్రాలు దాటి నిలిచింది, బర్మాలో కూడా మనవాళ్లని అలాగే పిలిచేవారు. ఇప్పటికీ మారిషస్ తెలుగువాళ్లు సింహాద్రి అప్పన్నకి పూజలు చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, దీపం చుట్టూ రామభజన చేస్తారు. పూర్వీకుల్లో ఎక్కువమంది ఏ వైపు నుంచి ఓడెక్కారో ఆ దేవుణ్ణి చూస్తే తెలిసిపోతుంది.

పోర్ట్ లూయీ రేవులో దిగిన కూలీ ముందుగా రాతిమెట్లు ఎక్కాలి. పదహారు మెట్లు. ఇప్పుడా చోటు పేరు ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పైన డిపోలో గుమాస్తా రిజిస్టర్ తెరిచి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, వయసు రాసుకుని ఒక నంబర్ ఇచ్చేవాడు. మనిషి చెప్పిందొకటి, గుమాస్తాకి వినిపించిందొకటి, ఫ్రెంచి యాసలో కాగితం మీద పడింది ఇంకొకటి. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. 1867 చట్టం వచ్చాక ఒప్పందం తీరినవాళ్లు కూడా ఫొటో అంటించిన పాసు లేకుండా రోడ్డు మీద కనిపిస్తే దేశదిమ్మరి అని లోపలేసేవారు. ఇక తోటలో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. దానికి 'డబుల్ కట్' అని పేరు.

1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్స్ అనే ఐరోపావాడు 9,401 మంది పాత కూలీల తరఫున అర్జీ పెట్టాడు. ఆయన్ని దీవి నుంచి పంపించేయమని తోటల యజమానులు ఎదురు అర్జీ పెట్టారు. లండన్ నుంచి రాయల్ కమిషన్ వచ్చింది, 1875లో నివేదిక ఇచ్చింది, పాసుల బెడద కొంత తగ్గింది. అప్పటికే దీవి జనాభాలో మూడింట రెండొంతులు భారతీయులు.

నా లెక్కలో అసలు మలుపు ఇక్కడుంది. పంచదార ధర పడిపోయాక, 1880ల నుంచి యజమానులు అంతగా పండని భూముల్ని ముక్కలు చేసి అమ్మకానికి పెట్టారు. కొన్నది కూలీలే. ఎకరం, రెండెకరాలు. దాంతో ఊళ్లు లేచాయి, గుళ్లు లేచాయి, పిల్లలు బడికెళ్లారు. మరి వాళ్లకంటే ముందు ఆ తోటల్లో రక్తం ఓడ్చినవాళ్ల సంగతి? ఓడల నిండా కూలీలు దిగుతుంటే బానిసత్వం వదిలినవాళ్ల కూలికి బేరం లేకుండా పోయింది. భూమి వాళ్ల చేతికి పెద్దగా రానేలేదు. వీళ్ల బతుకు కుదుటపడే కొద్దీ వాళ్లు అంచుకి జరిగారు. వలస గొప్పలు చెప్పుకునేటప్పుడు మనం ఈ మాట మింగేస్తాం.

ఓటు దగ్గర ఇది పైకి తేలింది. 1948 దాకా ఆస్తి, హోదా ఉన్న 12 వేల మందికే ఓటు. అప్పుడొచ్చిన కొత్త రాజ్యాంగం దీవిలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాష చదవడం, రాయడం వస్తే చాలన్నది. ఒక్కసారిగా ఓటర్లు 71 వేలు దాటారు. పగలు చెరకు కొట్టినవాళ్లు రాత్రి 'బైఠ్కా' అనే ఊరి పాకల్లో దీపం ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు. అమ్మభాష అక్షరమే ఓటు అయింది. అక్కడి ఆంధ్ర మహాసభ 1947లో పుట్టిందని గుర్తుంటే, ఆ రోజుల్లో భాష ఎంత అవసరమో అర్థమవుతుంది.

ఓట్లు లెక్కేస్తే హిందువులే ఎక్కువ. మిగతావాళ్లకి టెన్షన్ పట్టుకుంది. 1967 ఎన్నికల్లో స్వాతంత్ర్యాన్ని వద్దన్న పక్షానికి ఏకంగా 44 శాతం ఓట్లు పడ్డాయి. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో అల్లర్లు చెలరేగి బ్రిటిష్ సైన్యం దిగింది. మార్చి 12న జెండా ఎగిరింది. మిగతావాళ్ల ఆ భయానికి విరుగుడుగా 1967 ఎన్నికలకే పెట్టింది 'బెస్ట్ లూజర్' పద్ధతి. 62 మంది నేరుగా గెలుస్తారు. ఓడినవాళ్లలో మంచి ఓట్లు వచ్చినవాళ్లని, తక్కువ ప్రాతినిధ్యం దక్కిన వర్గాల నుంచి ఎనిమిది మంది దాకా లోపలికి తీసుకుంటారు. అందుకే ఆ గడి.

విచిత్రమేమిటంటే, 'జనరల్ పాపులేషన్'లో బానిసల వారసులూ, వాళ్లని కొనుక్కున్న ఫ్రెంచి యజమానుల వారసులూ కలిసే ఉన్నారు. తెలుగువాళ్లకి జనాభా లెక్కల్లో వేరే భాష ఉంది, ఉగాదికి దేశమంతా సెలవు ఉంది, నామినేషన్ కాగితంలో మాత్రం 'హిందూ'. పైగా సీట్ల లెక్కకి వాడేది 1972 నాటి జనాభా లెక్కలే, ఆ తర్వాత వర్గం ఏదని జనాన్ని అడగడమే మానేశారు. ఇళ్లలో ఎక్కువమంది మాట్లాడేది మాత్రం క్రియోల్, బానిసల తోటల్లో పుట్టిన భాష.

కూలీల రిజిస్టర్లు ఇప్పుడు మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 2024 మార్చిలో మన రాష్ట్రపతి అక్కడికి వెళ్లినప్పుడు, భారతీయ మూలాలున్న మారిషస్‌వాళ్లకి ఏడో తరం దాకా ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఇస్తామని ప్రకటించారు. దానికి రుజువు కావాలి. ఒకప్పుడు జేబులో లేకపోతే జైలుకి పంపిన ఆ నంబర్‌నే, ముత్తాతల ముత్తాత పేరు ఏ స్పెల్లింగ్‌లో పడిందో తెలియక రకరకాలుగా రాసిచ్చి, వెతికి పెట్టమని ఇప్పుడు వారసులు అడుగుతున్నారు.