క్షమించాక మళ్లీ అదే గడప తొక్కాలా? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న రాయగడ, గుణుపురం ప్రాంతాల్లోని తెలుగు క్రైస్తవ కుటుంబాల మధ్య పదిహేనేళ్లుగా కౌన్సెలింగ్ సేవ చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది ముందుగా తమ బాధ చెప్పరు. బైబిలు వాక్యం ఒకటి చదివి, తాము దాన్ని మీరుతున్నామేమోనని అడుగుతారు. చేయి చేసుకునే భర్త కావచ్చు, అవసరానికి మాత్రమే అక్కా అని పిలిచే తమ్ముడు కావచ్చు, నలుగురిలో అవమానించి చాటుగా బతిమాలుకునే స్నేహితుడు కావచ్చు, వారిని విడిచి దూరంగా ఉంటే దేవునికి కూడా దూరమవుతామన్న భయం మాత్రం అందరిలోనూ ఒకటే. ఆ భయాన్ని పెంచే మాటలను కొన్నింటిని బైబిలు తెరిచి పెట్టుకుని పరిశీలించవలసి ఉంది.

అపోహ: క్షమించడమంటే మునుపటిలా కలిసిపోవడమే.

వాస్తవం: ప్రభువు నేర్పిన ప్రార్థన క్షమాపణను అప్పు భాషలోనే చెబుతుంది: "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." అప్పు సంగతులు మనకు కొత్త కావు. పాత నోటు చింపివేయడానికి ఇచ్చినవారి మనసు ఒక్కటి చాలు, కానీ అదే మనిషికి మళ్లీ అప్పు ఇవ్వాలంటే అతని నడత కూడా చూడాలి.

కుట్టుపనితో ఇల్లు నడుపుకునే ఒక వితంతువు (ఆమె ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను) ఒకసారి తన బైబిల్లో కీర్తనల గ్రంథం పుటల మధ్య నుంచి మడతపెట్టిన ప్రామిసరీ నోటు ఒకటి తీసి నా ముందు పెట్టింది. రెవెన్యూ స్టాంపు మీద మొదలైన తమ్ముడి సంతకం సగం కాగితం మీదికి జారి ఉంది; మడతల దగ్గర ఆ కాగితం గుడ్డలా మెత్తబడిపోయింది. మూడేళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది కనుక దానితో కోర్టుకు వెళ్లలేనని ఆమెకు తెలుసు. అయినా తమ్ముడు తాగి వచ్చి వీధి వినేలా తిట్టి వెళ్లిన ప్రతిసారీ దాన్ని తీసి చూసుకునేది. కొన్ని నెలల తరువాత, ఎవరూ చెప్పకుండానే, నా ఎదుట దాన్ని నాలుగు ముక్కలు చేసింది. ఆ వారంలోనే అతను వేరొక అప్పుకు హామీ సంతకం పెట్టమని వస్తే పెట్టలేదు. "క్షమించానన్నావు గదే అప్పా, మరి ఇదేటి?" అని అతను నిష్ఠూరమాడాడట. నా దృష్టిలో ఆమె ఆ వారం చేసిన రెండు పనులకూ మధ్య విరోధమేమీ లేదు.

దావీదు చేసింది కూడా ఇదే. ఏన్గెదీ గుహలో, తనను చంపాలని వెంటాడుతున్న సౌలు రాజు తన చేతికి చిక్కినప్పుడు దావీదు అతని వస్త్రపు చెంగు మాత్రమే కోసి, ప్రాణం జోలికి పోలేదు. సౌలు గట్టిగా ఏడ్చాడు కూడా. అలా ఏడ్చినవాడే రెండు అధ్యాయాలు తిరగకముందే మూడు వేలమందిని వెంటబెట్టుకుని మళ్లీ వేటకు బయలుదేరాడు. రెండోసారి కూడా దావీదు అతన్ని చంపలేదు; తాను పాపం చేశానని ఒప్పుకుని తిరిగి రమ్మని సౌలు పిలిచినా, అతని వెంట వెళ్లలేదు. తాను తీసుకొచ్చిన సౌలు ఈటెను మాత్రం పనివాడి చేత తెప్పించుకొమ్మని చెప్పి, తన దారిన తాను వెళ్లాడు. మొదటి సమూయేలు గ్రంథం ఇరవయ్యారో అధ్యాయాన్ని క్షమాపణ మీద ప్రసంగానికి ఎంచుకునేవారు ఆ చివరి వచనం దాకా చదవరెందుకో నాకు అర్థం కాదు.

అపోహ: ఇంట్లో దెబ్బలను, తిట్లను ఓర్చుకోవడమే సిలువ మోయడం.

వాస్తవం: సిలువ క్రీస్తును వెంబడించినందుకు వచ్చేది, ఒకరి తాగుడుకో కోపానికో మరొకరు చెల్లించే సుంకం కాదు. యేసు ప్రభువు సైతం, తనను చంప వెదకుతున్నారని యూదయలో తిరగక గలిలయలో సంచరించాడని యోహాను సువార్త ఏడో అధ్యాయం చెబుతోంది. పరిత్యాగాన్ని దేవుడు అసహ్యించుకుంటాడని మలాకీ రెండో అధ్యాయం పదహారో వచనం ఎత్తి చూపేవారు, బలాత్కారాన్ని కూడా అసహ్యించుకుంటాడని అదే వచనంలో ఉన్న మాటను వదిలేస్తారు.

ఈ అపోహను నేనూ పంచిపెట్టాను. సేవలో చేరిన కొత్తలో, రాత్రి పూట పిల్లతో పుట్టింటికి వచ్చేసిన ఒక అమ్మాయికి ఓర్పు గురించి గంటసేపు చెప్పి, ప్రార్థన చేసి, మరునాడు ఉదయం రైలెక్కించాను. నెల తిరగకముందే మణికట్టు విరిగి కట్టుతో వచ్చింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అప్పటినుంచి "ఇవాళ రాత్రి నువ్వు ఎక్కడ పడుకుంటావమ్మా?" అన్నదే నా మొదటి ప్రశ్న, ప్రార్థన ఆ తరువాతే.

అపోహ: పోలీసులనో కోర్టునో ఆశ్రయించేది విశ్వాసం లేనివారే.

వాస్తవం: కొరింథీ సంఘాన్ని పౌలు గద్దించింది సొత్తుల కోసం సహోదరులు వ్యాజ్యాలాడుకున్నందుకు. తన ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు అదే పౌలు రోమా చక్రవర్తి కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు. సరిహద్దులో ఉండే మనకు అవసరమైన సంగతి మరొకటి ఉంది. పార్వతీపురం పిల్లను రాయగడకు, రాయగడ పిల్లను బొబ్బిలికి ఇచ్చే మన కుటుంబాల్లో, కేసు అత్తవారి ఊళ్లోనే వేయాలేమోనన్న దిగులుతో చాలామంది ఆగిపోతారు. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న ఊరి మేజిస్ట్రేటు కోర్టులో కూడా దరఖాస్తు చేయవచ్చు, ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. 181 మహిళా సహాయ నంబరుకు ఫోన్ చేసినా, బాధిత స్త్రీలకు సాయపడే ప్రభుత్వ సఖి కేంద్రానికి వెళ్లినా దారి చూపుతారు. క్రైస్తవుల విడాకుల చట్టం 1869 నాటిది. 2001లో దాన్ని సవరించేవరకు భార్యకు క్రూరత్వం ఒక్కటే చాలేది కాదు, భర్త వ్యభిచారాన్ని కూడా రుజువు చేయవలసి వచ్చేది. విడాకులకు మనసొప్పని వారికి, వివాహం రద్దు కాకుండానే వేరుగా ఉండే న్యాయపరమైన ఎడబాటు కూడా అదే చట్టంలో ఉంది. మొదటి కొరింథీ పత్రిక ఏడో అధ్యాయంలో, వేరుపడిన భార్య మరో పెళ్లి లేకుండా ఉండాలని, లేదా భర్తతో సమాధానపడాలని పౌలు రాసిన మాటకు అది దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

అపోహ: మనల్ని నొప్పించినవారందరూ విషమే, తెంచుకోవడమే విశ్వాసం.

వాస్తవం: ఇది కొత్త అపోహ, ఫోన్లలో చూసే చిన్న వీడియోల ద్వారా వచ్చింది. పప్పులో ఉప్పెక్కువైందని అత్తగారు దెప్పడం టాక్సిక్ కాదు, అది అత్తగారు. ఒకే హాని పదే పదే జరగడం, చెప్పినా ఒప్పుకోకపోవడం, భయంతో మాట మింగుకోవలసి రావడం, ఈ మూడూ కనిపిస్తే తప్ప నేను ఆ మాట వాడను. తప్పు చేసిన సహోదరుని ముందు ఒంటరిగా, తరువాత ఒకరిద్దరితో, ఆ తరువాత సంఘంతో గద్దించమని మత్తయి పద్దెనిమిదో అధ్యాయం వరుస చెబుతోంది, అతన్ని వెలిగా ఎంచే నాలుగో మెట్టుతో మొదలుపెట్టమని కాదు. (చేయి చేసుకునే మనిషి దగ్గరకు మాత్రం ఎవరినీ ఒంటరిగా పంపను.) "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమన్న రోమా పత్రికలోని మాటలో ప్రయత్నించమన్న ఆజ్ఞా ఉంది, దానికి ఒక హద్దూ ఉంది.

అపోహ: తోబుట్టువుతో మాటలు లేనివారు ప్రభు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో పాలుపొందకూడదు.

వాస్తవం: అర్పణను బలిపీఠం దగ్గర విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమన్న వచనం ఆధారంగా ఈ మాట పుట్టింది. అయితే ఆ వచనం "నీమీద నీ సహోదరునికి విరోధమేమైననుకలదని" జ్ఞాపకం వచ్చినవారికి, అంటే ప్రధానంగా హాని చేసినవారికి చెప్పినది. హాని పొందినవారిని బల్లకు దూరం పెట్టడానికి దాన్ని వాడడం తలకిందుల వ్యాఖ్యానం.

నోటు చింపిన ఆ కుట్టుపనామె ఈ వచనం వల్లే ఏడాదిపాటు సంస్కారం తీసుకోలేదు. ఇద్దరం కలిసి దాన్ని మూడుసార్లు చదివిన తరువాతి నెల, మొదటి ఆదివారం, ముసుగు సర్దుకుని వరుసలో నిలబడింది. తమ్ముడు ఆ రోజు పురుషుల వైపు మూడో బల్ల మీద కూర్చున్నాడు. ఆరాధన ముగిశాక అతను ముందు గుమ్మంలోంచి బజారు వైపు వెళ్లాడు. ఆమె స్త్రీల వైపు తలుపు దగ్గర చెప్పులు వెతుక్కుని, ఇంటికి నడిచింది.