పదిహేను రోజులకోసారి వచ్చేది అరుదెలా అయింది?

2026 మే నెలలో రెండు పున్నములు. ఒకటి 1వ తేదీన, ఇంకోటి 31న. ఇంగ్లీషు నెలలో ఇలా రెండు పున్నములు పడితే రెండోదాన్ని బ్లూ మూన్ అంటారు. అది వచ్చినప్పుడల్లా మన పేపర్లు, టీవీలు 'నీలి చంద్రుడు' అని ఊదరగొడతాయి. చంద్రుడు నీలంగా ఏమీ ఉండడు. డాబా ఎక్కి చూసి ఉసూరుమని దిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎప్పుడో గాని జరగని పనికి ఇంగ్లీషువాళ్లు 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటారు. దానికి సాటి మాట చెప్పమంటే శ్రీకాకుళంలో ఎవరైనా తడుముకోకుండా చెప్పేది 'అమాసకో పున్నానికో'.

చిక్కంతా ఇక్కడే. అమావాస్య నెలకోసారి, పున్నమి నెలకోసారి. రెండూ కలిపితే పదిహేను రోజులకోసారి ఏదో ఒకటి వచ్చేస్తుంది. ఇందులో అరుదేముంది?

ముందు ఆ చివరి 'కో' చూడండి. 'అమావాస్యకీ పున్నానికీ వస్తాడు' అంటే రెండు రోజులూ తప్పకుండా వస్తాడని. 'అమావాస్యకో పున్నానికో' అంటే ఇదో అదో, వస్తే వచ్చినట్టు. మాటలోని అరుదంతా ఆ 'కో'లోనే ఉంది.

రెండోది, పదిహేను రోజులు ఎవరికి ఎంత పొడుగన్నది. గోడకి క్యాలెండరు లేని రోజుల్లో పల్లెకి తేదీ చెప్పింది చంద్రుడే. చాలా ఊళ్లలో అమావాస్యనాడు ఎడ్లకు కాడి కట్టేవారు కాదు. తాపీ మేస్త్రులు ఇప్పటికీ ఆ రోజు పని పెట్టుకోరు. కాయకష్టం చేసే మనిషికి ఊపిరాడేది అలాంటి రోజునే. సొంతూరు పోయిరావడం, అక్క ఇంటి గడప తొక్కడం అప్పుడే కుదిరేదని నా ఊహ. నాలుగు ఊళ్ల అవతలున్నవాడు పదిహేను రోజులు కనపడకపోతే అదే పెద్ద ఎడబాటు.

ఈ జిల్లాలో ఇంకో ముచ్చట ఉంది. తెలుగు పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లలో పూజలకీ వ్రతాలకీ పాటించే లెక్కలో పున్నమితో ముగుస్తుంది. పక్కపక్క గుమ్మాల్లో ఒకరికి నెల సగమైతే ఇంకొకరికి నెలాఖరు. 'అమావాస్యకో పున్నానికో' అన్న మాట పుట్టింది ఇందువల్ల కాదు. కానీ ఆ వీధిలో అది విన్నప్పుడల్లా నాకు ఈ రెండు నెలాఖరులే గుర్తొస్తాయి.

ఇంగ్లీషు మాట వచ్చిన దారి వేరు. 1528 నాటి ఒక కరపత్రంలో, చంద్రుడు నీలమని మతగురువులు చెబితే నమ్మాల్సిందేనన్న ఎత్తిపొడుపు ఉంది. అంటే అప్పట్లో అది జరగనే జరగనిదానికి గుర్తు, మన కుందేటి కొమ్ములాగా. పోనుపోను 'ఎప్పుడో ఒకసారి'కి దిగింది. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ఆకాశమంతా పరుచుకున్న సన్నని బూడిదవల్ల చంద్రుడు నిజంగానే నీలంగా కనిపించాడు. నెలలో రెండో పున్నమికి ఆ పేరు మాత్రం పొరపాటున అంటుకుంది. ఒక రుతువులో నాలుగు పున్నములు పడితే మూడోదాన్ని అలా పిలవాలన్నది అమెరికా పంచాంగాల పాత లెక్క. 1946లో అక్కడి ఖగోళ పత్రికలో ఒకాయన దాన్ని తప్పుగా అర్థం చేసుకుని రాశాడు. ఆ తప్పే లోకమంతా పాకింది.

ఆ నీలి చంద్రుడికీ మన పంచాంగానికీ చుట్టరికం ఉంది. చాంద్రమాసం సుమారు 29.53 రోజులు. పన్నెండు మాసాలకి 354 రోజులవుతాయి. సూర్యుడి ఏడాది కంటే 11 రోజులు తక్కువ. ఈ తరుగు పోగుపడి 32, 33 నెలలకి ఒక నెలంత అవుతుంది. అప్పుడు సూర్యుడు రాశి మారకుండానే ఒక చాంద్రమాసం గడిచిపోతుంది. అదే అధికమాసం. 19 ఏళ్లలో ఇంగ్లీషు నెలలు 228, పున్నములు 235. మిగిలిన ఏడే మనకి అధికమాసాలు, వాళ్లకి జంట పున్నములు. 2020లో అధిక ఆశ్వయుజం వస్తే అక్టోబరులో రెండు పున్నములు. 2023లో అధిక శ్రావణం, ఆగస్టులో రెండు. 2026లో అధిక జ్యేష్ఠం, మేలో రెండు. ప్రతిసారీ ఇలా కలవాలని లేదు. 2018లో అధిక జ్యేష్ఠం మే, జూన్ నెలల్లో వస్తే, జంట పున్నములు జనవరిలోనూ మార్చిలోనూ పడ్డాయి.

ఇంత అరుదైన అధికమాసాన్ని మనవాళ్లు అరుదుకి వాడలేదు, కష్టానికి వాడారు. 'కరువులో అధికమాసం' అన్నారు. గాదె ఖాళీ అయిన ఏడాదిలో ఇంకో నెల తిండి ఎక్కడినుంచి తేవాలి? ఇక పంచాంగంలో ఒక నెల పేరే ఎగిరిపోయే క్షయమాసం 1963-64లో, 1982-83లో వచ్చింది. మళ్లీ 2123-24లోనే. దానిమీద సామెత ఏదీ నా చెవిన పడలేదు. చాలామంది బతుకులో ఒకసారైనా చూడనిదాన్ని దేనికని పోలుస్తారు?

'పుష్కరానికోసారి' అనే మాటా ఇక్కడ బాగానే నడుస్తుంది. గురుడు పన్నెండు రాశులు తిరిగి రావడానికి పట్టే కాలం అది. పుష్కరాలు చెప్పిన పన్నెండు నదుల్లో నాగావళి లేదు, వంశధార లేదు. అందుకే 2015లో గోదావరి పుష్కరాలకి మావాళ్లు రైళ్లెక్కి రాజమండ్రి పోయారు. తర్వాతిది 2027లో.

అరుదు మాటకొస్తే, అరసవల్లి గుడిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకేది ఏడాదికి రెండు తడవలే, మార్చిలో, అక్టోబరు మొదట్లో. ఆ పూట మబ్బు పడితే అదీ లేదు.

అమావాస్య మాట మాత్రం వలసలతో సాగుతూ పోయింది. విజయనగరం, శ్రీకాకుళం పల్లెలనుంచి హైదరాబాదుకి, చెన్నైకి కూలికి, గుజరాత్‌లోని వెరావల్‌కి చేపలవేటకి పోయినవాళ్లు పండక్కో జాతరకో తప్ప రారు. వెరావల్‌నుంచి వేటకెళ్లి 2018 చివర్లో పాకిస్తాన్‌కి పట్టుబడ్డవాళ్లలో ఈ రెండు జిల్లాల మత్స్యకారులున్నారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. అప్పటికి ఆ ఇళ్లవాళ్లు దాదాపు పదమూడు పున్నాలు లెక్కపెట్టుకున్నారు. అలాంటి ఊళ్లలో 'అమాసకో పున్నానికో వస్తాడు' అంటే ఏడాదికోసారి అని అర్థం. ఇంకా ఆలస్యమైతే 'నల్లపూసైపోనావు' అంటారు.

సెల్‌ఫోన్ వచ్చాక లెక్క మళ్లీ తిరగబడింది. పది రోజుల కిందటే వీడియో కాల్ చేసిన కొడుకుని తల్లి ఇప్పుడు ఇలా దెప్పుతోంది: "ఏటి బావూ, అమాసకో పున్నానికో గాని అమ్మ గుర్తు రాదేటి?"