పక్షవాతం తర్వాత బిగుసుకున్న చెయ్యి: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, పొద్దున ఆవలించినప్పుడు ఆయన చెయ్యి దానంతట అదే పైకి లేచింది. వీడియో తీశాం, చూడండి."

పక్షవాతం వచ్చి రెండు మూడు నెలలైన ఇళ్ళ నుంచి ఇలాంటి వీడియోలు నా వాట్సాప్‌కి వస్తూనే ఉంటాయి. వాటిలో చెయ్యి నిజంగానే లేస్తుంది. మోచెయ్యి ముడుచుకుంటుంది, పిడికిలి బిగుస్తుంది, ఆవలింత అయిపోగానే చెయ్యి మళ్ళీ ఒళ్ళో వాలిపోతుంది. వెనక ఎవరో "స్వామీ!" అనడం కూడా వినిపిస్తుంది. ఆ సంతోషం మీద నీళ్ళు చల్లే పని ఫిజియోథెరపిస్టునైన నా మీద పడుతుంది.

అపోహ: చెయ్యి గట్టిపడుతోందంటే బలం వస్తున్నట్టే

మొదటి రోజుల్లో తోటకూర కాడలా వేలాడిన చెయ్యి కొన్ని వారాలకు బిగుసుకోవడం మొదలుపెడితే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ బిగుతు బలం కాదు. కండరాన్ని సాగదీయగానే వెన్నుపాము దాన్ని తిరిగి ముడుచుకోమంటుంది. డాక్టరు మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగిరేది ఇందుకే. మామూలుగా ఈ స్పందన శ్రుతి మించకుండా మెదడు అదుపు చేస్తుంది. పక్షవాతంలో, అంటే స్ట్రోక్‌లో, మెదడు నుంచి ఆ అదుపు వచ్చే నరాల దారులు దెబ్బతింటే అదుపు తప్పుతుంది. దీన్నే స్పాస్టిసిటీ అంటాం. మెల్లగా చాపితే వచ్చే మోచెయ్యి, విసురుగా చాపితే మధ్యలో పట్టేస్తుంది. 1980లో జేమ్స్ లాన్స్ అనే న్యూరాలజిస్టు ఇచ్చిన నిర్వచనంలో కూడా ఈ వేగమే ముఖ్యం. బిగుసుకున్న ఆ కండరం లోపల బలహీనంగానే ఉంటుంది.

ఆవలింతకు చెయ్యి లేవడం మనిషి ఇష్టంతో జరిగేది కాదు. దగ్గినా, కష్టపడి లేచి నిలబడినా అలాగే ముడుచుకోవచ్చు. అది చెడ్డ సూచన కాదు, కోలుకుంటున్నారనడానికి రుజువూ కాదు. నేను అడిగేది ఒక్కటే: ఎదురుగా గ్లాసు పెట్టి "పట్టుకోండి" అన్నప్పుడు కొంచెమైనా కదిలిందా? కదిలితే ఆ వీడియో పంపండి.

అపోహ: గట్టిగా లాగి, మాలిష్ చేస్తే విడిపోతుంది

జిమ్‌కి వెళ్ళే ఒక కుర్రాడు, మేనమామ మీద ప్రేమతోనే, రోజూ ఆయన చేతిని తల మీదికి లాగేవాడు. పది రోజులకు పెద్దాయన చొక్కా తొడిగినా కేకలు పెట్టే పరిస్థితి వచ్చింది. స్ట్రోక్ తర్వాత భుజం కీలుకు కండరాల ఆసరా తగ్గుతుంది, రెక్క ఎముక చేతితో పాటు సరిగ్గా తిరగదు. అలాంటప్పుడు చేతిని బలవంతంగా పైకి లేపితే భుజంలోని మెత్తని భాగాలు నలుగుతాయి. తలుపుకి కప్పీ బిగించి, బాగున్న చేత్తో పడిపోయిన చేతిని పైకి లాగించే వ్యాయామం మన దగ్గర ఇంకా నడుస్తోంది. స్ట్రోక్ రోగులకు దీన్ని చేయించవద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాల్లో ఉంది. మీ ఇంట్లో కప్పీ ఉంటే తీసేయండి. లేపి కూర్చోబెట్టేటప్పుడు కూడా ఆ చెయ్యి పట్టుకుని లాగకండి.

నూనె మాలిష్ హాయిగా ఉంటుంది, కాసేపు కండరం వదులవుతుంది. అంతవరకే. కాపడం విషయంలో మాత్రం భయపడాలి. చాలామందికి ఆ చేతిలో వేడి తెలియదు. ఇసుక మూటతో, వేడినీళ్ళ బ్యాగుతో బొబ్బలెక్కిన చేతులు నేను చూశాను.

మా వృత్తిలోవాళ్ళకే మింగుడుపడని సంగతి ఇంకొకటుంది. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష ఒకటి 2017లో వచ్చింది, 49 అధ్యయనాలను పరిశీలించింది. కండరాలు సాగదీయడం వల్ల కీళ్ళ కదలికలో చెప్పుకోదగ్గ లాభం కనబడలేదని తేల్చింది. అందులో స్ప్లింట్లు, అంటే చేతిని చాపి ఉంచే పట్టీలు, కట్టడం కూడా కలిసే ఉంది. అయినా నేను మెల్లగా చాపడం నేర్పుతాను. చెయ్యి శుభ్రం చేయడానికి, బట్టలు తొడగడానికి అది కావాలి. కానీ రోజుకు గంటసేపు సాగదీయడానికే ఖర్చుపెట్టి, చేత్తో పనిచేయించే సాధన వదిలేస్తే ఆ గంట వృథా అంటాను.

అపోహ: బంతి నొక్కుతుంటే వేళ్ళు వస్తాయి

ఆ పసుపుపచ్చ బంతి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పిడికిలి మూసుకునే ఉన్నవాళ్ళకి మూయడం మీద ఇంకా సాధన ఎందుకు? వాళ్ళకి రానిది తెరవడం, పట్టుకున్నది వదలడం. నా దగ్గర బంతి స్థానంలో ప్లాస్టిక్ గ్లాసులు, టవల్ ఉంటాయి. గ్లాసు పట్టుకోవడం సగం పాఠమే, వదిలిపెట్టడం మిగతా సగం. బలం పెంచే వ్యాయామం చేస్తే బిగుతు ఎక్కువవుతుందన్న భయం ఒకప్పుడు మా పాఠాల్లోనే ఉండేది. తర్వాతి పరిశోధనలు దాన్ని సమర్థించలేదు.

అపోహ: బొటాక్స్ ముడతల మందు. కాదంటే, ఒక్క ఇంజెక్షన్‌తో చెయ్యి తెప్పించే మందు

రెండూ తప్పే. ఈ మందుకు అమెరికాలో మొదట అనుమతి వచ్చింది 1989లో, మెల్లకన్నుకీ కనురెప్పలు అదురుతూ మూసుకుపోయే జబ్బుకీ. ముఖం మీది ముడతలకు 2002లో, చేతి స్పాస్టిసిటీకి 2010లో వచ్చింది. నరం నుంచి కండరానికి సంకేతం మోసే ఎసిటైల్‌కోలిన్‌ను ఇది ఆపుతుంది. వారంలోపు పట్టు సడలడం మొదలై, నెల అటూ ఇటూగా బాగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. మళ్ళీ వేయాలంటే సాధారణంగా 12 వారాలైనా ఆగాలి. ఏ కండరానికి ఎంత అన్నది చూసి, అల్ట్రాసౌండ్ లేదా ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాలు చూపే పరీక్ష) సాయంతో వేస్తే గురి కుదురుతుంది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. వేశాక మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

డెబ్బై దగ్గరపడ్డ ఒక మిర్చి రైతుకు రెండేళ్ళుగా పిడికిలి విడలేదు. గోళ్ళు అరచేతిలో గుచ్చుకుని పుండు పడింది, వాసన కూడా వచ్చేది. ఇంజెక్షన్ వేయించిన మూడో వారం కొడుకు నా ముందు గొడవపెట్టుకున్నాడు. "ఇన్ని వేలు పోశాం, గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నాడు కదండీ!" మూల కూర్చున్న తల్లి అంది: "నిన్న గోళ్ళు తీశాన్రా. మీ నాన్న అరవలేదు."

వేయించుకునే ముందే నేను ఈ మాట గుచ్చి గుచ్చి అడుగుతాను: ఈ చేతితో మీకు ఏం కావాలి? అరచెయ్యి కడగడమా, జాకెట్ చెయ్యి తొడగడమా, నొప్పి తగ్గడమా, గ్లాసు పట్టడమా? బిగుతు తగ్గడం వేరు, చెయ్యి పనిచేయడం వేరు. బిగుతు కింద కాస్తో కూస్తో సొంత కదలిక దాగి ఉంటే, మందు పనిచేసే ఆ మూడు నెలల్లో సాధన చేస్తే అది బయటికొస్తుంది. లేని కదలికను ఏ సూదీ పుట్టించలేదు. ఇంజెక్షన్‌కి డబ్బు సర్దుకుని థెరపీకి మాత్రం రాని కుటుంబాలను చూస్తే, దుక్కి దున్ని విత్తనం వేయడం మానేసినట్టు ఉంటుంది నాకు.

అపోహ: మాత్రలు ఎప్పుడైనా ఆపేయొచ్చు

బిగుతు తగ్గడానికి ఇచ్చే బాక్లోఫెన్‌ను అలా ఆపకూడదు. కొన్నాళ్ళుగా వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్, లేనివి కనబడడం, బిగుతు విపరీతంగా పెరగడం జరగొచ్చు. పండక్కి ఊరెళ్తూ మొదట సర్దుకోవాల్సింది ఆ స్ట్రిప్పే. తగ్గించాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. మత్తుగా ఉండి పడిపోయే ప్రమాదం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉంటే డోసు మారుతుంది. బిగుతుకే ఇచ్చే ఇంకో మాత్ర టిజానిడిన్‌తో బీపీ పడిపోవచ్చు, లివర్ పరీక్షలు అవసరం. మాత్రలు ఒళ్ళంతా పనిచేస్తాయి కాబట్టి, ఒక్క చేతి కోసం మనిషినంతా మత్తులో ఉంచడం నాకు నచ్చదు. కాళ్ళూ చేతులూ అన్నీ బిగుసుకున్నవాళ్ళ సంగతి వేరు.

అపోహ: ఆరు నెలలు దాటితే ఇక అంతే

ఎక్కువ మెరుగుదల మొదటి నెలల్లోనే వస్తుందన్నది నిజం. ఆ తర్వాత తలుపులు మూసుకుపోతాయన్నది నిజం కాదు. ఆ మిర్చి రైతు గోళ్ళు తీయించుకున్నది రెండేళ్ళ తర్వాతే.

అపోహ: ఉన్నట్టుండి బిగుసుకుందంటే దిష్టి తగిలింది

రెండు రోజుల్లో తల్లి చెయ్యి ఎప్పుడూ లేనంతగా ముడుచుకుపోయిందని ఒకమ్మాయి ఫోన్ చేసింది. మూతి వంకర పోవడం, మాట తడబడడం, కొత్తగా బలం తగ్గడం ఏమైనా ఉందా అని మొదట అడిగాను. ఉంటే 108కి ఫోన్ చేయాలి, నాకు కాదు. లేదంది. "మరి అమ్మకి విరేచనం అవుతోందా? మూత్రంలో మంట ఉందా?" అన్నాను. "నేను చేతి గురించి అడుగుతున్నాను మేడమ్" అంది చిరాగ్గా. మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పడకపుండు, చివరికి చర్మంలోకి గుచ్చుకున్న కాలి బొటనవేలి గోరు కూడా చేతి బిగుతును పెంచగలవు. మూత్ర పరీక్షలో ఇన్‌ఫెక్షన్ తేలింది. మందులు వాడిన వారానికి చెయ్యి పాత స్థితికి వచ్చింది. దిష్టి తీసిన గుమ్మడికాయ ముక్కలు ఇంకా గుమ్మం ముందే ఉన్నాయి, నేను వెళ్ళేసరికి.