తాబేలును విమానం ఎక్కించొచ్చా?

అమ్ములూ, చరణ్,

మీ పై ఫ్లాటువాళ్ళు నక్షత్ర తాబేలును టబ్బులో పెంచుతున్నారనీ, దుబాయ్‌కి మకాం మారుస్తూ దాన్నీ తీసుకుపోతామంటున్నారనీ అమ్ములు రాసింది. "అలా తీసుకెళ్ళొచ్చా తాతా? ఎవర్నడగాలి?" అని ప్రశ్న. లాయరు అక్కర్లేదు, మీ నాన్న ఫోన్ చాలు.

జంతువులూ మొక్కలూ దేశాలు దాటే వ్యాపారం మీద సైటిస్ అనే ఒప్పందం ఉంది. 1975లో అమల్లోకొచ్చింది, మరుసటి ఏడు మనమూ చేరాం. అందులో మూడు జాబితాలు. మా అవ్వ గింజలు దాచినట్టే అనుకోండి. విత్తనాల మూట అటక మీద ఉండేది. షావుకారు ఎంత ధర చెప్పినా అది కిందికి దిగేది కాదు. మొదటి జాబితా అదే: అడవిలో పట్టి దేశం దాటించి అమ్మడం కుదరదు. గాదెలోని తిండిగింజలు అమ్మొచ్చు గానీ, పంట దాకా ఇంటికి చాలతాయని అవ్వ కొలిచి ఊఁ అనాలి. రెండో జాబితాలో ఆ కొలిచే పని ప్రభుత్వానిది, ఊఁ అన్నట్టు పర్మిట్ ఇస్తుంది. ఇక పక్కింటి పెద్దమ్మ వచ్చి, "మా కళ్ళంలో గింజలు పోతున్నాయి, ఎవరైనా అమ్మజూపితే కాస్త ఆరా తీయండి" అని చెప్పిపోయేది. ఒక దేశం మిగతావాళ్ళను అలా సాయం అడిగితే అది మూడో జాబితా. నెమలి పేరు అందులో ఉంది. అడిగింది మనం కాదు, పాకిస్తాన్.

మదనపల్లె వైపు మా ఊళ్ళో వానలు పడ్డాక ఈ తాబేళ్ళు బీళ్ళలో పచ్చిక మేస్తూ కనబడేవి. పశువుల వెంట పోయిన మేం బోర్లా పడుకుని వాటి వీపు మీది చారలు లెక్కపెట్టేవాళ్ళం. లెక్క ఎప్పుడూ కుదరలేదు, మధ్యలో అది నడిచిపోయేది. ఆ చారలే దాని కొంప ముంచాయి. అందంగా ఉందనీ, ఇంట్లో ఉంటే కలిసొస్తుందనీ జనం పట్టుకుపోతున్నారు. తాబేలుకు ఏం కలిసొచ్చిందో ఎవరూ అడగరు.

సరే, ఏ ప్రాణి ఏ జాబితాలో ఉందో చూపే 'స్పీసీస్ ప్లస్' అనే సైటు తెరవండి. ఇంగ్లీషు అక్షరాల్లో దాని శాస్త్రీయ నామం, జియోకెలోనీ ఎలిగాన్స్ అని కొట్టండి. ఉత్త 'స్టార్ టార్టాయిస్' అంటే చాలదు, బర్మాలో ఇంకో రకం ఉంది. మొదటి జాబితా అనీ, 2019 నవంబరు 26 అనీ కనిపిస్తుంది. అంతకుముందు రెండోదాంట్లో ఉండేది. గాదెలోంచి అటకెక్కిందన్నమాట.

పక్కనున్న చిన్న అక్షరాలు కూడా చదవాలి. మన శేషాచలం ఎర్రచందనం 1995 నుంచి రెండో జాబితాలో ఉంది. దాని పక్కన 7 అంకె వేసి, ఏయే సరుకుకు నియమం వర్తిస్తుందో రాశారు: దుంగలు, చెక్కపేళ్ళు, పొడి, సారం.

రామచిలుక మాత్రం ఇప్పుడు ఏ జాబితాలోనూ లేదు. అది చూసి పంజరం కొనేరు! జాబితాలు సరిహద్దు దాటే సంగతే చెబుతాయి. ఇంటి సంగతికి మన 1972 వన్యప్రాణి చట్టం ఉంది. దాని ప్రకారం చిలుకనూ, ఈ తాబేలునూ పట్టి పెంచుకోవడం నేరం. పెంచుకోవడమే నేరమైతే ఇక విమానం ఎక్కించే మాటెక్కడిది? అమ్ములూ, పై ఫ్లాటువాళ్ళతో నువ్వు పోట్లాడకు. అమ్మతో అటవీ శాఖకు ఫోన్ చేయించు. జాలిపడి దాన్ని పార్కులో మాత్రం వదలకండి.

ఈలోగా చరణ్‌కు ఒక పని. అలుగు, అదే ఒంటినిండా పొలుసులుండే పాంగోలిన్, పేరు వెతుకు: మానిస్ క్రాసికాడాటా. 2017కు ముందు అది ఏ జాబితాలో ఉందో చూసి నాకు రాయి.

మీ తాత