పాత కలపా, పాత సామానా? పురాతన ఫర్నిచర్‌పై అపోహలు – వాస్తవాలు

విజయవాడ, గుంటూరు, తెనాలి చుట్టుపక్కల మండువా లోగిళ్లు కూల్చినప్పుడల్లా వాటి దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు కలప అడితులకు చేరుతుంటాయి. అక్కడి నుంచి కొన్ని కొత్త ఇళ్లకు తలుపులవుతాయి. మరికొన్ని ‘నూరేళ్ల నాటి’ భోషాణాలుగా, పందిరి మంచాలుగా అవతారమెత్తుతాయి. పాత సామాను బాగుచేసే వృత్తిలో నన్ను అందరూ అడిగేది కలప పాతదేనా అని. తేల్చుకోవలసింది మాత్రం ఆ కలపను ఈ రూపంలోకి ఎప్పుడు కోశారన్నది.

అపోహ: పురుగు తొలిచిన చిల్లులు ఉంటే అది పాతదే.

పురుగు చెక్క లోపల పెరిగి, రెక్కలు వచ్చాక బయటపడేటప్పుడు చేసే గుండ్రటి చిల్లు మాత్రమే మనకు పైకి కనిపిస్తుంది. లోపలి దారి వంకరటింకరగా ఉంటుంది కాబట్టి, సన్నని తీగ దూర్చినప్పుడు అది తిన్నగా లోపలికి దిగిపోతే ఆ చిల్లు డ్రిల్లుతో వేసినదని అనుమానించాలి. పైగా టేకు చేవను ఈ పురుగులు సాధారణంగా ముట్టవు, దాని చుట్టూ ఉండే తెల్లచెక్కనే తింటాయి. తెల్లచెక్క ఎక్కువగా వాడిన కొత్త బల్లకు రెండు మూడేళ్లలోనే చిల్లులు పడవచ్చు. చిల్లుల కంటే నేను ఎక్కువగా వెతికేది గాళ్లను. భోషాణం మూత లోపలివైపునో, సొరుగు అడుగునో దీపం ఏటవాలుగా పట్టి చూస్తే, ఒక్కోసారి సగానికి చీల్చిన గొట్టంలాంటి సన్నని గాడి చెక్క పొడవునా తెరుచుకొని కనిపిస్తుంది. పురుగు తన దారిని అలా బయటికి తెరిచి పెట్టుకోదు. తొలవడం పూర్తయిన తరువాత ఆ చెక్క మీదుగా రంపమో చిత్రికో నడిచిందనడానికి, అంటే పాత దూలం కొత్త పెట్టె అయిందనడానికి, అంతకంటే బలమైన ఆనవాలు అరుదు.

అపోహ: చేతిపని కనిపిస్తే పురాతనమే.

ఇది ఇంగ్లండు, అమెరికా సామాను గురించి రాసిన పుస్తకాల నుంచి వచ్చిన సూత్రం. అక్కడ పందొమ్మిదో శతాబ్దంలోనే యంత్రాలు వచ్చాయి కనుక, సొరుగు మూలల అతుకులు ఎగుడుదిగుడుగా ఉంటే అంతకు ముందుదని ఊహించడానికి ఆధారం ఉంది. మన వడ్రంగులు మొన్నమొన్నటి వరకూ బాడిశ, ఉలి, చిత్రికలతోనే పని చేశారు, ఇప్పటికీ చేసేవారున్నారు. అందువల్ల ఇక్కడ చేతిపని వయసును నిరూపించదు. యంత్రం గుర్తు మాత్రం ‘ఇంతకంటే పాతది కాదు’ అని చెప్పగలదు: వెనక పలక మీద విల్లులా వంగిన గీతలు ఉంటే అది గుండ్రటి మర రంపం కోత, మొన తేలిన స్క్రూలు విరివిగా తయారైంది పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి, ప్లస్ గుర్తు తలల స్క్రూలు వచ్చింది 1930లలో. అయితే స్క్రూ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే మరమ్మతులో దాన్ని మార్చి ఉండవచ్చు. మడత బందు విప్పి, దాని కింద లేతరంగు అచ్చు ఆ బందు ఆకారంలోనే ఉందా, పక్కన పూడ్చిన వేరే చిల్లులున్నాయా అని చూడాలి.

గుండ్రటి బల్లకు టేపు చాలు. చెక్క ఆరినకొద్దీ నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది, నార వెంబడి దాదాపు మారదు; అందుచేత నిజంగా పాత బల్లలో నారకు అడ్డంగా తీసిన కొలత, నార వెంబడి తీసిన కొలత కంటే కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. ఏనాడో ఆరిపోయిన దూలాన్ని కోసి ఈ మధ్య చేసిన బల్ల మాత్రం గుండ్రంగానే నిలుస్తుంది.

అపోహ: నల్లటి మరకలు కాలం వేసిన ముద్రలు.

ఇనుప మేకు చుట్టూ తడి చేరితే, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి కొద్ది రోజుల్లోనే అక్కడ నల్లబడుతుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నానిన మంచాల కోళ్లకూ ఇలాంటి నలుపే పట్టగలదు.

ఇక ‘బర్మా టేకు’ మాట. పాలిష్ పడిన చెక్కను చూసి, అది రంగూన్ నుంచి ఓడలో వచ్చిందో, గోదావరి అడవుల నుంచి వచ్చిందో కంటితో తేల్చేస్తామనే వారిని నేను నమ్మను.

అపోహ: కార్బన్ పరీక్షతో అంతా తేలిపోతుంది.

చెక్కలో మిగిలిన రేడియో కార్బన్‌ను కొలిచి వయసు లెక్కగట్టే ఈ పరీక్ష, సుమారు 1650 నుంచి 1950 వరకు ఉన్న కాలానికి ఒకే జవాబు ఇవ్వదు. ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు మూడు కాలాలను చూపిస్తుంది. మన దగ్గర దొరికే సామాను దాదాపు అంతా ఆ కాలానిదే. పైగా పరీక్ష చెప్పేది ఆ చెట్టు పొర పెరిగిన కాలం, వడ్రంగి ఉలి పట్టిన కాలం కాదు.

అమెరికాలోని పిల్లలకు పంపడానికి కొనేవారు 1972 నాటి పురావస్తు చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. నూరేళ్లు నిండిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అంత వయసు లేని పాత సామానుకు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఒకే బల్లను చూపించి ‘నూటపాతికేళ్లది’ అనీ, ‘నిక్షేపంగా అమెరికా పంపుకోవచ్చు’ అనీ ఒకే నోటితో చెప్పే అమ్మకందారును, ఆ రెండింటిలో ఏ మాటను బిల్లు మీద రాసి సంతకం చేస్తారో అడగండి.