బొమ్మకు పడకపుండు ఎలా పెడతారంటే

పిల్లలూ,

నర్సింగు చదివేవాళ్లు పుండుకు కట్టు కట్టడం ముందు బొమ్మ మీద నేర్చుకుంటారు. ఆ బొమ్మకు పెట్టే ఉత్తుత్తి పుండును మూలాజ్ అంటారు. ఫ్రెంచి మాట, అచ్చుపోయడం అని అర్థం. నెత్తురు ఎంత పోస్తే అంత నిజంలా ఉంటుందనుకుంటారు చాలామంది. కాదు. విద్యార్థి ఏం చూడాలి, ఏం కొలవాలి అన్నది ముందు తేల్చుకోవాలి.

మంచాన పడ్డవాళ్లకు నడుం కింద ఎముక దగ్గర వచ్చే పడకపుండునే తీసుకుందాం. ఎంత లోతుకు పోయిందన్నదాన్ని బట్టి దాన్ని దశలుగా చెబుతారు. రెండో దశలో పైచర్మం లేచిపోయి ఎర్రటి తడి కనిపిస్తుంది, అంతే. అందులో పచ్చటి కుళ్లు పొర పెట్టారో, పాఠమే తప్పిపోతుంది. కొవ్వు కనిపించేది మూడో దశలో. కండరమో ఎముకో బయటపడితే నాలుగోది.

మూడోది చేద్దాం. జెలటిన్ పొడి, గ్లిజరిన్, నీళ్లు సమపాళ్లలో కలిపి పది నిమిషాలు నాననివ్వండి. గిన్నెను వేడినీళ్లలో పెట్టి కరిగించాలి. ఇది ఒంటికి అతుక్కుని కాలుస్తుంది, పెద్దవాళ్లు పక్కన ఉండాల్సిందే. మరిగితే బుడగలొస్తాయి, పట్టు పోతుంది. గ్లిజరిన్ తగ్గిస్తే తడారిపోయి అంచులు ముడుచుకుంటాయి. ముఖానికి రాసే ఫౌండేషన్ కొంచెం ఇప్పుడే కలపండి. గట్టిపడ్డాక పైన పూస్తే గీరుకుపోతుంది.

నూనె రాసిన పళ్లెంలో సెంటీమీటరున్నర మందాన పోయండి. గట్టిపడ్డాక మధ్యలో 4 సెం.మీ. పొడవు, 3 వెడల్పు, 1 లోతున గుంట తీయండి. తర్వాత చిన్న చెంచాతో ఒక పక్క చర్మం కిందికి ఇంకో సెంటీమీటరు తొలచండి. పైకి ఏమీ కనబడదు. దూదిపుల్లతో చుట్టూ తడిమితేనే లోపలి సందు తగులుతుంది. నన్నడిగితే మొత్తం పుండులో ముఖ్యమైనది అదే. జెలటిన్ ముక్క వెలుపలి అంచును వేడినీళ్లలో ముంచిన చెంచాతో వాలుగా, పలచగా దిద్దండి.

గుంట అడుగున ఎరుపు ఫుడ్ కలర్, కొవ్వుకు లేత పసుపు జెలటిన్ ముక్కలు. కుళ్లు పొర కావాలంటే టిష్యూ పేపరు చింపి, పెట్రోలియం జెల్లీలో పసుపు రంగు కలిపి తడపండి. అడుగంతా మాత్రం కప్పకండి. అడుగు కనబడకపోతే దశ ఎవరూ చెప్పలేరు.

బొమ్మ ఒళ్లు రంగు పీల్చేస్తుంది, మరక ఇక వదలదు. అందుకే ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అంటించి దానిమీదే పుండు పెట్టాలి. పనయ్యాక జెలటిన్‌ను ఫ్రిజ్‌లో దాచి మళ్లీ కరిగించుకోవచ్చు. ఎరుపు అంటిన ముక్కలను వేరుచేయండి. కలిసిపోయాయంటే, వచ్చేసారి పుండు చుట్టూ చర్మమంతా ఎర్రబడి చీము పట్టిందేమోనని విద్యార్థి రాసేస్తాడు.