1946 జులై నిషేధం: నేటి ఓటు వివాదానికి నేపథ్యం

పాలస్తీనా ప్రాంతాలను ఇజ్రాయెల్ ఆక్రమించడంపై 2024 సెప్టెంబరు 18న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో వచ్చిన తీర్మానానికి 124 దేశాలు అనుకూలంగా, 14 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేశాయి. తటస్థంగా ఉండిపోయిన 43 దేశాల్లో భారత్ ఒకటి. ఆ ఓటు ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ దక్షిణాఫ్రికా వర్ణవివక్షపై మన దేశం చేసిన పోరాటం మళ్లీ చర్చకు వస్తోంది: నాడు అలా నిలబడిన దేశం నేడు తటస్థంగా ఉండవచ్చా అన్నదే వాదం. గాంధీజీ రైలు ఘటన, ఆయన సత్యాగ్రహాలు అందరికీ తెలిసినవే. ఈ వాదానికి అసలు ముడి మాత్రం 1946లో ఉంది.

దక్షిణాఫ్రికా రాష్ట్రాలైన నటాల్, ట్రాన్స్‌వాల్‌లలో భారతీయులు ఎక్కడ భూమి కొనవచ్చో, ఎక్కడ నివసించవచ్చో గిరిగీసే బిల్లును అక్కడి ప్రధాని జాన్ స్మట్స్ ప్రభుత్వం ఆ ఏడాది తెచ్చింది. చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగు, తమిళ కుటుంబాల వారసులు కూడా దీని బాధితులే. అక్కడి భారతీయులు దాన్ని ‘ఘెట్టో (వెలివాడ) చట్టం’ అని పిలిచి, జూన్‌లో డర్బన్‌లో సత్యాగ్రహానికి దిగారు. ఢిల్లీ అప్పటికే కదిలింది. వాణిజ్య ఒప్పందం రద్దుకు మార్చిలోనే నోటీసు ఇచ్చి, ఆపై తన హైకమిషనర్‌ను వెనక్కి పిలిపించుకుంది. జూన్‌లో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసి, జులై 17న దక్షిణాఫ్రికాతో వాణిజ్యాన్ని నిషేధించింది. అప్పటి భారత ఎగుమతుల్లో ఆ దేశం వాటా సుమారు 5.5 శాతం.

నెహ్రూ నాయకత్వంలోని తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది సెప్టెంబరు 2న. అంటే ఈ నిర్ణయాలన్నీ వైస్రాయ్ వేవెల్ కార్యనిర్వాహక మండలి హయాంలోనివి. వీటిని నెహ్రూ ఆదర్శవాదంగా కీర్తించేవారూ, అదే పేరుతో కొట్టిపారేసేవారూ ఈ తేదీలను గమనించినట్లు లేదు. స్వాతంత్ర్యమైనా రాని దేశం, ప్రజాగ్రహాన్ని కాదనలేక, సొంత ఎగుమతులను వదులుకుంది.

ఆ శీతాకాలం ఐక్యరాజ్యసమితిలో జరిగిన వాదన మరీ ఆసక్తికరమైనది. సమితి నియమావళి పీఠిక రచనలో పాలుపంచుకున్న స్మట్సే, ఇది తమ ఆంతరంగిక వ్యవహారమని, కాదంటే అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం అడగాలని పట్టుబట్టారు. దక్షిణాఫ్రికాలోని భారతీయుల విషయమై 1927 నాటి కేప్‌టౌన్ ఒప్పందం రెండు ప్రభుత్వాల మధ్య కుదిరినప్పుడు అది ఒక దేశపు ఇంటి విషయం ఎలా అవుతుందని విజయలక్ష్మి పండిట్ నాయకత్వంలోని భారత బృందం నిలదీసింది. ఇది రాజకీయ ప్రశ్న కనుక కోర్టుకు పంపనక్కరలేదని వాదించింది. డిసెంబరు 8న భారత్ పక్షాన తీర్మానం 32–15 ఓట్లతో నెగ్గింది. బ్రిటన్, అమెరికా వ్యతిరేకించాయి. నాడు కోర్టుకు పోదామన్నది నిందితపక్షం. 2024లో అదే కోర్టు, ఆక్రమిత ప్రాంతాల్లో ఇజ్రాయెల్ చర్యలు జాతి వేర్పాటును, అపార్థీడ్‌ను (దక్షిణాఫ్రికా తరహా వర్ణవివక్షను) నిషేధించే అంతర్జాతీయ ఒప్పంద అధికరణాన్ని ఉల్లంఘిస్తున్నాయని జులై 19న అభిప్రాయపడింది. సెప్టెంబరు తీర్మానానికి ఆధారం ఆ అభిప్రాయమే. ఆక్రమిత ప్రాంతాల్లోని ఇజ్రాయెల్ స్థావరాల ఉత్పత్తులను దిగుమతి చేసుకోవద్దని అది దేశాలను కోరింది.

ఇరుపక్షాలను దగ్గర చేయాలే తప్ప దూరం పెంచకూడదన్నది 2024లో తటస్థంగా ఉండటానికి మన ప్రతినిధి ఇచ్చిన వివరణ. 1946లో ఫిర్యాదు మన వాళ్ల గురించే కనుక నేటి వ్యవహారంతో పోలిక కుదరదని ప్రభుత్వ సమర్థకులు అంటున్నారు. మొదటి ఫిర్యాదు వరకు అది నిజం. కానీ 1952లో మరో 12 ఆసియా, ఆఫ్రికా దేశాలతో కలిసి భారత్ వర్ణవివక్ష విధానాన్నే ఎజెండాలో పెట్టించింది. ఆ తర్వాత ప్రశ్న భారతీయులకు పరిమితం కాలేదు. 1967లో వర్ణవివక్షపై పోరాడుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు ఢిల్లీలో కార్యాలయం ఇవ్వడంలో గానీ, 1974లో టెన్నిస్ డేవిస్ కప్ ఫైనల్‌నే వదులుకొని ట్రోఫీని దక్షిణాఫ్రికాకు అప్పగించడంలో గానీ ప్రవాస భారతీయుల ప్రయోజనం ఏమీ లేదు. సమితిలో వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రాన్ని ఏళ్ల తరబడి నడిపిన అధికారి నెల్లూరు ప్రాంతంలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి.

వైస్రాయ్ కాలంలో మొదలైన ఆ వాణిజ్య నిషేధాన్ని, మండేలా విడుదలై, వర్ణవివక్ష చట్టాలు రద్దయ్యాక 1993లో భారత్ ఎత్తివేసింది. ఆ ఏడాది నవంబరులోనే రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు మళ్లీ ఏర్పడ్డాయి.